కడిమిపూవు వంటి చిట్టి భూగోళము

క్రీ. శ. 499 నాటికి తనకు ఇరువదిమూడేండ్లు నిండినవని చెప్పుకొనిన ఆర్యభటుడు, ఆర్యభటీయములోని గోళపాదమున భూమికి ఒక చక్కని పోలిక చెప్పెను. కడిమిపూవు నడిమి బంతికి అన్ని వైపులను కేసరములు నిక్కి నిలిచినట్లు, భూగోళమునకు అన్ని వైపులను జలచరములును స్థలచరములును ఆవరించియున్నవని ఆ పోలికకు తాత్పర్యము. కడిమిచెట్టును చూచినవారికి అందలి సొగసు వెంటనే తట్టును. ఆ పూవునకు పైయనియు క్రిందనియు లేదు. ప్రతి కేసరమునకును తాను నిలిచిన చోటే పైభాగము. భూమి అడుగున నున్నవారు జారిపడరా యను సందేహమునకు ఒక పూవే సమాధానమైనది.

ఆ కడిమిపూవు నేడు ఛాయాచిత్రరూపమున విద్యార్థుల చేతి ఫోనులలో కనబడుచున్నది. నడుమ పచ్చికబయలు చిన్న బంతివలె ముడుచుకొని యుండును. దాని చుట్టును కొబ్బరిచెట్లు, బడి భవనము, జెండాకొయ్య, ఆటస్థలములోని పిల్లలు అందరును వెలుపలివైపునకు తలలుంచి నిలిచియుందురు. వారికి ఆవల నలుదెసలను ఆకాశము. ఇట్టి చిత్రమునకు 'చిట్టి గ్రహము' అని పేరు. 1943లో సెంతెగ్జూపెరీ ప్రకటించిన కథలోని చిన్నారి రాకుమారుని గ్రహము ఒక ఇంటికంటె ఎంతయో పెద్దది కాదు. ఈ చిత్రములను చూచినప్పుడు ఆ కథ గుర్తునకు వచ్చుట సహజము.

అయితే ఇట్టి చిత్రము తరగతిలోనికి వచ్చునప్పుడు ఒక చిక్కును వెంటబెట్టుకొని వచ్చును. "భూమి గుండ్రముగా నున్నదనుటకు ఇదియే సాక్ష్యము కదా, మాస్టారూ!" అని బాలుడు అడుగును. అవునని తలయూపుట ఉపాధ్యాయునకు సులభము. భూమి గుండ్రముగా నున్న మాట నిజము. చిత్రములో గుండ్రముగా కనబడుచున్న మాటయు నిజము. కాని మొదటిదానికి రెండవది సాక్ష్యము కాదు. నిజమును తప్పు సాక్ష్యముతో నమ్మిన బాలుడు, రేపు అబద్ధమును అంతకంటె అందమైన సాక్ష్యముతో నమ్మును. కనుక ఆ గుండ్రదనము ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొనుట అవసరము.

చూపుల బంతి

భూమి వ్యాసార్ధము సుమారు 6,371 కిలోమీటర్లు. చదునైన బయలులో నేలకు 1.6 మీటర్ల ఎత్తున కన్ను గలవానికి దిగంతము సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరమున నుండును. భూమి వంపు వలన ఆ దిగంతము కంటి మట్టమునకు ఎంత దిగువగా కనబడునో లెక్కించిన, ఒక డిగ్రీలో ఇరువదియైదవ వంతు మాత్రమే తేలును. కంటికి ఆనని ఆ వంపు చిత్రమును బంతిగా చుట్టజాలదు. భూమి హద్దులేని బల్లపరుపు పలకయే అయి యుండినను, బడి ఆవరణలో తీసిన చిట్టి గ్రహము ఇట్లే వచ్చియుండెడిది.

మరి ఆ గుండ్రదనము ఎవరిది? అది చూపుది. మైదానము నడుమ నిలిచినవాని కంటి చుట్టును ఒక గాజుబంతి యున్నదని భావింపవలెను. కన్ను బంతికి సరిగా నడుమ నుండును. చెట్టును చూచు చూపు గాజును ఒకచోట తాకును. ఆ చోట చెట్టు గుర్తు పడును. ఇట్లే రాయి, గోడ, పక్షి, మబ్బు అన్నియు ఆ గాజుపై తమ తమ చోట్ల నిలుచును. నడినెత్తి బంతికి పైకొన, పాదముల చోటు క్రిందికొన, దిగంతము నడికట్టు. దూరమను మాట అచ్చట లేదు. దిక్కు ఒక్కటే యున్నది. చుట్టును గల లోకమంతయు చూపునకు ఒక బంతియే.

చిక్కంతయు ఈ బంతిని కాగితముపై పరచుటలో నున్నది. బత్తాయిపండు తొక్కను చినుగకుండ బల్లపై అణచి పరచుట ఎవరికిని సాధ్యము కాదు. అది చేతి నేర్పు లేకపోవుట వలన కాదు. గోళమును సాగదీయకుండ, చింపకుండ సమతలము చేయుట అసాధ్యమని 1827లో జర్మను గణితవేత్త గౌస్ నిరూపించిన సిద్ధాంతము వలన తేలినది. కనుక గోళమును పరచిన ప్రతి చిత్రమును ఏదో ఒకటి నిలుపుకొని మరియొకటి విడువక తప్పదు. దేనిని నిలుపవలె, దేనిని విడువవలె ననుటయే ప్రశ్న.

దీపమును ఎచ్చట ఉంచవలెను?

గాజుబంతిని ఒక తెల్లకాగితముపై నిలిపి, బంతి నడుమ దీపముంచినచో, గాజుపై గీచిన బొమ్మల నీడలు కాగితముపై పడును. సామాన్యమైన కెమేరా చేయు పని దాదాపు ఇదియే. ఈ పద్ధతిలో తిన్నని గీత తిన్ననిగీతగానే యుండును. కాని బంతి నడికట్టు నీడ కాగితముపై ఎచ్చటను పడదు. దీపమునుండి వెలువడి నడికట్టును తాకిన కిరణము కాగితమునకు సమాంతరముగా పోవును. అందువలననే సామాన్యపు కటకము లోకములో సగమునైనను ఒక్కసారిగా చూపలేదు.

ఇప్పుడు దీపమును నడుమనుండి తీసి, బంతి పైకొన మీద ఉంచవలెను. ఒక్కసారిగా అంతయు మారును. పాదముల చోటు కాగితము నడుమ పడును. దిగంతపు నడికట్టు ఒక నిండు వృత్తమై పడును. ఆ వృత్తపు వ్యాసము బంతి వ్యాసమునకు రెండు రెట్లు. నేల అంతయు వృత్తములోపల ఇముడును. దిగంతమునకు పైన నున్న చెట్ల తలలు, మేడల శిఖరములు, ఆకాశము వృత్తమునకు వెలుపల పడును. దీపమున్న నడినెత్తి బిందువునకు మాత్రము నీడ లేదు. అది అనంతదూరమునకు పోయినది. చిట్టి గ్రహము పుట్టుక ఇంతియే.

ఈ నీడల పద్ధతికి స్టీరియోగ్రాఫిక్ ప్రక్షేపమని పేరు. ఆ పేరు పెట్టినది 1613లో దృష్టిశాస్త్రముపై గ్రంథము ప్రకటించిన ఫ్రాన్స్వా దగియోఁ. ఆ గ్రంథమునకు బొమ్మలు కూర్చినవాడు సుప్రసిద్ధ చిత్రకారుడు రూబెన్స్. అందలి ఒక బొమ్మలో గోళపు నీడ దీపకాంతిలో నేలపై పడుచుండును.

ఈ పద్ధతికి రెండు సుగుణములున్నవి. గోళముపై గీచిన ఏ వృత్తమైనను కాగితముపై వృత్తముగానే పడును. దీపమున్న బిందువు గుండ పోవు వృత్తములు మాత్రము తిన్నని గీతలగును. నిలువుగీత లన్నియు నడినెత్తి గుండ పోవును గనుక, స్తంభములును తాటిబోదెలును చక్రపు ఆకులవలె తిన్నగా వెలుపలికి సాగును. పాదముల ప్రక్కగా పోవు తిన్నని బాట మాత్రము విల్లువలె వంగి, దిగంతవృత్తమున ఎదురెదురు చోట్లను ముట్టును. రెండవ సుగుణము కోణములను మార్పక నిలుపుట. రెండు గీతలు గోళముపై ఏ కోణమున ఖండించుకొనునో, కాగితముపైనను అదే కోణమున ఖండించుకొనును. అందువలన చిన్న వస్తువు ఆకృతి చెడదు. ముఖము ముఖముగనే, ఆకు ఆకుగనే యుండును.

ఇందుకు చెల్లింపవలసిన వెల పరిమాణము. దిగంతము వద్దనున్న మబ్బు తునకకు, 45 డిగ్రీల ఎత్తున నున్న మబ్బు తునకకు కంటికి తోచు పరిమాణము సమానమే అనుకొందము. కాగితముపై రెండవది పొడవునను వెడల్పునను 3.4 రెట్లు పెరుగును. 60 డిగ్రీల ఎత్తున అయినచో ఏడున్నర రెట్లు. పాదముల వద్ద నున్నది దిగంతమున నున్నదానిలో సగమునకు కుదియును. ఆకృతిని కాపాడుటకై పరిమాణమును బలియిచ్చుట ఈ ప్రక్షేపపు ఒడంబడిక.

యంత్రరాజము

ఈ నీడను మొట్టమొదట ఎరిగినవారు ఛాయాచిత్రకారులు కారు, జ్యోతిశ్శాస్త్రజ్ఞులు. క్రీ. శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నుండిన టాలమీ దీనిపై ఒక గ్రంథము వ్రాసెను. దాని గ్రీకు మూలము నశించినది. అరబ్బీ అనువాదమును, దానినుండి వచ్చిన లాటిన్ అనువాదమును నిలిచినవి. వారి దీపము ఖగోళపు దక్షిణధ్రువమున నుండెను. ఉత్తరధ్రువము చిత్రము నడుమ పడెను. సూర్యుని మార్గము, కర్కాటకవృత్తము, మకరవృత్తము, ఆయా ఊళ్ల దిగంతములు అన్నియు రేకుమీద వృత్తములుగానో, వృత్తఖండములుగానో వచ్చెను. వృత్తము వృత్తముగానే నిలుచునను మొదటి సుగుణము వలన, ఒక వృత్తలేఖినియు ఒక బద్దయు గల పనివాడు ఆకాశమునంతను ఇత్తడిరేకుపై గీయగలిగెను. 9వ శతాబ్దమున అల్‌-ఫర్గానీ ఆ సుగుణమునకు ఉపపత్తి చూపెను. కోణముల సుగుణమునకు ఉపపత్తిని 1695లో హేలీ ప్రకటించెను. తోకచుక్కకు పేరైన హేలీయే ఈయన.

ఇట్లు తయారైన పరికరమే ఆస్ట్రొలేబు. దానిని భారతదేశమున సంస్కృతములో మొట్టమొదట వివరించినవాడు జైనపండితుడైన మహేంద్రసూరి. ఫిరోజ్‌ షా తుగ్లక్ ఆస్థానమున నుండి 1370లో ఆయన రచించిన గ్రంథము పేరు 'యంత్రరాజము'. యంత్రములకు రాజని ఆ పరికరమునకు దొరకిన గౌరవము అట్టిది. 18వ శతాబ్దమున సవాయి జయసింహుడు జయపురమున నిర్మించిన వేధశాలలో సుమారు 2.4 మీటర్ల వ్యాసము గల యంత్రరాజము నేటికిని వ్రేలాడుచున్నది.

ఆ పాత పనివాండ్ర విషయమున ఒక విశేషము గమనింపదగినది. దక్షిణధ్రువము అనంతదూరమునకు పోవును గనుక వారు రేకును ఎచ్చటనో ఒకచోట కోయక తప్పలేదు. మకరవృత్తము వద్ద కోసిరి. సూర్యుడు దానికి ఆవల పోడు గనుక ఆ కోత కారణము గల కోత. నేటి ఛాయాచిత్రకారుడును అట్లే కోయవలసియున్నది. దిగంతవృత్తపు వ్యాసార్ధమునకు మూడు రెట్ల దూరమున చిత్రమును గుండ్రముగా కోసినచో, నడినెత్తి చుట్టును గల 37 డిగ్రీల ఆకాశము చిత్రములో లేకయే పోవును. చూచువారికి ఆ లోపము తెలియదు. ఆకాశము చుట్టును నిండియున్నట్లే తోచును.

చిత్రము తీయు తీరు

చూపుల బంతి నంతను ఒక్క కటకము పట్టలేదు గనుక, కెమేరాను ముక్కాలిపీటపై నిలిపి చుట్టును త్రిప్పుచు, పైకిని క్రిందికిని వంచుచు అనేక చిత్రములు తీయుదురు. ఒక చిత్రపు అంచు మరియొకదానిపై నాలుగవవంతో మూడవవంతో కలియునట్లు చూచుకొందురు. త్రిప్పునప్పుడు కెమేరా పెట్టె నడుమను గాక, కటకములో వెలుతురు చొచ్చు రంధ్రము కనబడు చోటును ఇరుసుగా చేసికొనవలెను. లేనిచో దగ్గరి కొమ్మ దూరపు గోడమీద ప్రతి చిత్రమునందును జరిగిపోవును. అతుకులు కుదరవు. కాంతి మోతాదును, రంగుల అమరికను మొదట నిశ్చయించి తుదివరకు మార్పరాదు.

ఈ ముక్కలను కంప్యూటరు ఒకటిగా కుట్టును. 1998లో హెల్ముట్ డెర్ష్ వెలువరించిన పనోరమా టూల్స్ ఈ పనికి త్రోవ చూపినది. దాని ఆధారముననే పెరిగిన హుగిన్ అను సాఫ్టువేరు ఉచితముగా లభించును. 2013లో రికో సంస్థ ముందును వెనుకను రెండు చేపకన్ను కటకములు గల చిన్న కెమేరాను తెచ్చినది. దానితో చుట్టును గల దృశ్యమంతయు ఒక్క నొక్కుతో చిక్కును. ఏ తీరున తీసినను మొదట లభించునది వెడల్పు ఎత్తునకు రెండింతలుండు పలకపటము. దాని వెడల్పు 360 డిగ్రీలు, ఎత్తు 180 డిగ్రీలు. దాని పై అంచంతయు నిజమునకు నడినెత్తి యను ఒక్క బిందువే. క్రింది అంచంతయు పాదముల చోటను ఒక్క బిందువే. ఆ పటమును గోళమునకు మరల చుట్టి, పైకొనలో దీపముంచి నీడ తీయుమని కంప్యూటరును ఆజ్ఞాపించుటయే చివరి పని.

ఏ చోట నిలువవలెనో లెక్కయే చెప్పును. పాదములనుండి పైకి కొలిచిన కోణమును సగము చేసి, దాని ట్యాంజెంటును తీసికొనినచో, దిగంతవృత్తపు వ్యాసార్ధము ఒకటిగా, ఆ వస్తువు నడిమినుండి ఎంత దూరమున పడునో తెలియును. కెమేరా 1.6 మీటర్ల ఎత్తున నున్నచో, 16 మీటర్ల దూరములోని నేల నడిమినుండి 0.905 వరకు వ్యాపించును. అనగా చిట్టి గ్రహపు వైశాల్యమున నూటికి ఎనుబదిరెండు పాళ్లు, ఛాయాచిత్రకారుని చుట్టును గల 16 మీటర్ల నేలయే! ఆవలి పొలములు, ఊళ్లు, దిగంతమువరకు గల సమస్తమును అంచుననున్న సన్నని పట్టీలో ఇముడును. కాబట్టి పచ్చికయో ఇసుకయో పరచుకొనిన చదునైన చోట చిత్రము రాణించును. కాగితపు ముక్కలు, చెప్పులు పడియున్న చోట అవే గ్రహమున ఖండములై కూర్చుండును.

అదే 16 మీటర్ల దూరమున 17.6 మీటర్ల ఎత్తు గల కొబ్బరిచెట్టు ఉన్నదనుకొందము. దాని మొదలు 0.905 వద్దను, తల 2.41 వద్దను పడును. గ్రహమునకంటె చెట్టే ఘనముగా తోచును. ఆ చెట్టునే 160 మీటర్ల దూరమునకు జరిపినచో, మొదలు 0.99, తల 1.1. గ్రహముపై మొలచిన గడ్డిపోచయే. చుట్టును మధ్యమదూరమున, వివిధమైన ఎత్తులతో వస్తువులు నిలిచిన చోటు కడిమిపూవును విరియించును. దీపమును తారుమారు చేసి పాదముల చోట నుంచినచో పూవు బావిగా మారును. ఆకాశము నడుమకు వచ్చి, నేల అంచులకు పోవును. మంటపము నడుమ నిలిచి పైకప్పు చెక్కడములను చూపదలచినవారికి ఈ రెండవ పద్ధతి తగినది.

ఇచ్చట ఒక అడ్డదారి గురించి చెప్పవలసియున్నది. పలకపటపు క్రింది అంచును నడిమికి ముడిచి, పై అంచును వెలుపలికి సాగదీసి, తిన్నగా చుట్టివేయు ఉపాయము కొన్ని సాఫ్టువేరులలో నున్నది. చూచుటకు అదియు చిట్టి గ్రహమే. కాని ఆ పద్ధతిలో ఎత్తు పెరుగక అడ్డము మాత్రమే పెరుగును. 45 డిగ్రీల ఎత్తున నున్న వస్తువు నిలువుకంటె అడ్డముగా మూడు రెట్లకు మించి సాగును. కొబ్బరితల గొడుగువలె అణగును. మేడ పైయంతస్తు క్రిందిదానికంటె వెడల్పై బోర్లించిన గంపను తలక్రిందులు చేసినట్లు తోచును. నిజమైన ప్రక్షేపములో నిలువును అడ్డమును సమానముగా పెరుగును. వస్తువు పెద్దదగును గాని వికృతము కాదు. రెండింటి భేదమును కంటితో కనుగొనుటకు విద్యార్థులకు ఒక గుండ్రని గడియారమో బంతియో చాలును. మొదటి పద్ధతిలో అది అండాకారమగును, రెండవదానిలో గుండ్రముగనే యుండును.

తరగతి గదిలో ఒక ప్రశ్న

ఈ పాఠమునకు ఖరీదైన పరికరము అక్కరలేదు. పారదర్శకమైన ప్లాస్టికుబంతిపై సిరాతో ఒక నడికట్టు, నాలుగు చెట్లు, ఒక ఇల్లు గీచి, పైకొనలో చిన్న రంధ్రము చేసి అందు చిన్న విద్యుద్దీపము నుంచి, చీకటిగదిలో తెల్లకాగితముపై నిలిపినచో, టాలమీ చూచిన నీడను ఎనిమిదవ తరగతి బాలుడును చూడగలడు. దీపమును పైకొననుండి బంతి నడిమికి మెల్లగా దించుచు, బొమ్మ ఎట్లు మారునో వాని చేతనే చెప్పింపవచ్చును.

ఆ తరువాత గోడమీది ప్రపంచపటమును చూపవలెను. 1569లో మెర్కేటర్ రచించిన పద్ధతిలో గీచిన పటమున గ్రీన్లాండు ఆఫ్రికాతో పోటీపడునంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికంటె సుమారు పదునాలుగు రెట్లు పెద్దది. మెర్కేటర్ ప్రక్షేపమును కోణములను నిలిపి పరిమాణమును విడిచినదే. ఓడ నడుపువానికి దిక్కు తప్పరాదు గనుక ఆయన అట్లు ఎంచుకొనెను. చిట్టి గ్రహమున కొబ్బరితల ఉబ్బుటకును, గోడపటమున గ్రీన్లాండు ఉబ్బుటకును కారణ మొక్కటే. ఛాయాచిత్రమును చూచి నవ్విన బాలుడు పటమును చూచినప్పుడు ఆలోచింపగలిగినచో పాఠము ఫలించినట్లే. పటము అబద్ధము కాదు. అది దేనికొరకు గీయబడినదో తెలియక చదువుటయే పొరపాటు.

కనుక "ఇదియే సాక్ష్యము కదా, మాస్టారూ!" అని అడిగిన బాలునకు అవునని గాని కాదని గాని చెప్పి ఊరకుండరాదు. "ఈ చిత్రము దేనిని నిలిపినది? దేనిని విడిచినది?" అని తిరిగి అడుగవలెను. ఆకృతిని నిలిపినది, పరిమాణమును విడిచినది, నడినెత్తిని కోసివేసినది, భూమి వంపును చూపనే లేదు అని వాడు తానై చెప్పునట్లు చేయవలెను. భూమి గుండ్రదనమునకు సాక్ష్యము కావలెనన్నచో చంద్రగ్రహణపు నీడ యున్నది, తీరమును వీడిన ఓడ అడుగుభాగము మొదట మరుగగుట యున్నది.

ఆర్యభటుని కడిమిపూవు భూమినిగూర్చి చెప్పిన మాట. ఫోనులోని కడిమిపూవు చూపునుగూర్చి చెప్పిన మాట. రెండును అందమైనవే, రెండును నిజమైనవే. ఒకదానిని మరియొకదానిగా పొరబడకుండుటయే చదువు.